రోలరు తాకని పట్టీలు

"రెక్క దించే మీట మీద నీ వేలిముద్రలున్నాయి ఆర్నెల్," అంది సార్జెంట్ హలీనా బరన్.

"ఉండక ఏమౌతాయి మేడమ్? రోజూ దించేది నేనే. అక్కడ నా వేలిముద్రలు లేకపోతే అప్పుడు అడగండి నన్ను."

అతను నవ్వబోయి మానేశాడు. రెండు చేతులూ బల్ల మీద పరిచి, ఎవరో వచ్చి చూసిపోతారన్నట్టు వేళ్ళు విడదీసి ఉంచాడు. అతని పూర్తి పేరు ఆర్నెల్ దిమాయుగా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు. సస్కాచెవాన్‌లోని ఈ ఊళ్ళో లహోలా అన్నదమ్ముల దగ్గర ఇది అతనికి నాలుగో విత్తుల కాలం. అతని భార్యా కూతురూ ఈ దేశం రావడానికి అనుమతి రేపో మాపో రావలసి ఉంది. హత్యకేసులో అతని పేరు పడిందంటే ఆ కాగితాలు ఉన్న చోటునుంచి ఇక కదలవు.

గురువారం సాయంత్రం అన్నదమ్ముల్లో పెద్దవాడు ఒరెస్ట్ లహోలా దక్షిణపు చేలో చనిపోయి కనిపించాడు. విత్తనాల గొర్రు రెక్కలు రెండూ పైకి మడిచి, కుడి రెక్క కింద కూర్చుని గ్రీజు పెడుతుండగా ఆ రెక్క అతని మీదికి దిగింది. ఆయిలు గొట్టం పగిలి ఉంటే ప్రమాదం అని రాసుకుని అందరూ ఇంటికి పోయేవాళ్ళు. గొట్టం పగల్లేదు. రెక్క జారకుండా గుచ్చవలసిన పిన్ను గుచ్చకపోవడం ఒరెస్ట్ చేసిన పొరపాటు. ట్రాక్టరులో కూర్చుని మీట లాగింది మాత్రం ఇంకొకరు. నాలుగింటి ప్రాంతంలో జరిగి ఉంటుందన్నాడు డాక్టరు.

"నాలుగింటికి ఎక్కడున్నావు?"

"యార్డులో. లారీకి విత్తనాలు ఎత్తుతున్నా."

"చూసినవాళ్ళు?"

"కుక్క."

"మంచి వాతావరణం, విత్తనాలు సిద్ధంగా ఉన్నాయి. అలాంటి మధ్యాహ్నం గొర్రు ఎందుకు ఆగిపోయింది?"

"యాంటెనా లేదు కదా మేడమ్. దమ్యాన్ సార్ ట్రాక్టరు మీద ఉంది."

అది ఊళ్ళో అందరికీ తెలిసిన విషయమే. ఉపగ్రహాల్ని చూసి ట్రాక్టరుని గీత గీసినట్టు నడిపించే యాంటెనా అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే ఉంది. పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఆ తెల్లటి డోము ఉదయం ఒరెస్ట్ పెద్ద ట్రాక్టరు నెత్తిన ఉంటే, మధ్యాహ్నం దమ్యాన్ పాత ట్రాక్టరు నెత్తిన ఉంటుంది. ఒకరు విత్తుతారు, ఇంకొకరు రోలరు లాగుతారు. ఎవరి దగ్గర లేకపోతే వాళ్ళు గ్రీజు పెట్టుకుంటూ కూర్చుంటారు.

"తర్వాత?"

"తర్వాత ఏముంది. ఆకలేసింది. సాయంత్రం భోజనం కోసం చూశా. రాలేదు."

హలీనా తలెత్తింది. "ఏ భోజనం?"

"స్టెఫానియా అమ్మగారు చేలోకి తెస్తారు కదా మేడమ్. విత్తులున్నన్నాళ్ళూ ఒక్క పూట తప్పరు. వడగళ్ళు పడుతుంటే కూడా నెత్తిన బేసిన్ పెట్టుకుని తెచ్చారు ఒకసారి. ఆ రోజు రాలేదు. ముందు ఒరెస్ట్ సార్ దగ్గరికి తీసుకెళ్ళారేమో, అక్కడ తిందామని బయలుదేరా." అతని వేళ్ళు దగ్గరికి ముడుచుకున్నాయి. "అప్పుడు చూశా."

తలుపు తెరుచుకుంది. నగరం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కీత్ మక్రే లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, బయటికి రమ్మని గడ్డం ఆడించాడు. హలీనా వెళ్ళింది.

"మధ్యాహ్నం వీణ్ణి తీసుకెళ్తున్నా," అన్నాడు మక్రే. "దార్లో వాడి ట్రెయిలర్ దగ్గర ఆపి బట్టలూ పాస్‌పోర్టూ తీసుకుంటా."

"ఎందుకు చంపినట్టు?"

"సెలవు అడిగాడు, ఒరెస్ట్ ఇవ్వలేదు. మాటలు పెరిగాయి. చిన్న కారణాలకే చస్తారు సార్జెంట్ జనం. అక్కడ ఉండగలిగిన వాళ్ళు ఇద్దరు, తమ్ముడూ పనివాడూ. తమ్ముడికి ఆకాశంలో సాక్షులున్నాయి. యాంటెనా రికార్డు ప్రకారం రెండింటినుంచి ఆరింటిదాకా వాడి ట్రాక్టరు గుట్ట చేలో రోలరు లాగుతూనే ఉంది. ఎక్కడా ఆగలేదు."

"యాంటెనా అక్కడుంది. అంతవరకే తెలుసు మనకి."

"అంటే? యాంటెనా తనంతట తను షికారుకి వెళ్ళిందా?"

"భోజనం ఎందుకు రాలేదో ఒరెస్ట్ భార్యని అడిగారా?"

మక్రే గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించడం ఆమెకు అరుపు కంటే చికాకు.

"హలీనా, మొగుణ్ణి పోగొట్టుకుని మూడు నెలలు కాలేదు నీకు. నువ్వు ఇంకా సెలవులో ఉండాల్సింది. ఎవరూ తప్పు పట్టరు."

"ఉండాల్సిందేమో. లేను."

ఆ మాట అన్నాక తనలో ఏమైనా కదిలిందేమోనని ఆమె చూసుకుంది. ఏమీ కదల్లేదు. మార్చి నుంచి అంతే. ఆకలీ నిద్రా ఆఫీసు పనుల్లాగే వాటి వేళకి వచ్చి పోతున్నాయి. కారు తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

*

గుట్ట చేను లహోలా ఇంటి వెనకనుంచి మొదలై, నెమ్మదిగా ఎత్తుకెక్కి, అవతల ఆర్నెల్ ఉండే ట్రెయిలర్ దగ్గర దిగుతుంది. గుట్ట ఒక పక్కకే ఉంది కాబట్టి ఇంటి నుంచి ట్రెయిలర్ కనిపిస్తుంది. గత వారం అందులో మసూర విత్తారు. మసూర మోకాలికి కూడా రాదు. కోసే కత్తి నేలకు ఆనుకుని పోవాలి కాబట్టి విత్తిన వెంటనే బరువైన రోలరు లాగి రాళ్ళనీ పెళ్ళల్నీ మట్టిలోకి అణిచేస్తారు. ఒక్క రాయి నిలిచినా కోతలప్పుడు కత్తి పోతుంది.

హలీనా కారు దిగి చేనుకు అడ్డంగా నడిచింది. మొదటి చాలు అద్దంలా ఉంది. రెండోది కూడా. రెండింటి మధ్యా మాత్రం రోలరు తాకని పట్టీ ఒకటి మిగిలిపోయి ఉంది. రాళ్ళు నిలబడే ఉన్నాయి, పెళ్ళలు విడలేదు. ఆమె దాన్ని దాటింది. రెండో చాలుకీ మూడోదానికీ మధ్య ఖాళీ లేదు. పైపెచ్చు అక్కడ రోలరు రెండుసార్లు పోయింది. మూడోదానికీ నాలుగోదానికీ మధ్య మళ్ళీ పట్టీ. నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య మళ్ళీ రెండుసార్లు.

టేపు తీసి పట్టీ కొలిచింది. రెండు జానలకు కాస్త తక్కువ. ముందుకు నడిచి ఇంకొకటి కొలిచింది. అంతే. గుట్ట ఎక్కి అవతలి వాలులో ఇంకొకటి కొలిచింది. వేలెడు తేడా లేదు. చేయి వణికి వచ్చిన వంకరలు కావివి. గీతలు తిన్నగానే ఉన్నాయి. ఒకటి విడిచి ఒకటి, చేను పొడుగునా ఒకే తప్పు.

ఫొటోలు తీస్తుండగా ఇంజను చప్పుడు వినిపించింది. దమ్యాన్ లహోలా పాత ట్రాక్టరు మీద, వెనక రోలరుతో, గట్టు దాటి వచ్చి ఆమె పక్కన ఆపాడు. పొడుగాటి మనిషి. గడ్డం గీసుకున్నాడు, ఒకచోట తెగింది.

"ఫొటోలకి ఇంతకంటే మంచి చోటు దొరకలేదా హలీనా?"

"ఈ చారలేమిటి?"

"సరిచేద్దామనే వచ్చా. ఎల్లుండి అన్నయ్య అంత్యక్రియలకి ఊరంతా ఈ దారినే వస్తుంది. లహోలాల చేను చూసి నవ్వాలా అందరూ?"

"పైకెక్కి చూడొచ్చా?"

అతను భుజాలు ఎగరేశాడు. ఆమె నిచ్చెన మీద నిలబడి కప్పు కేసి చూసింది. నడిమధ్యలో పసుపు దీపం ఉంది. దానికి కుడిపక్కన జానెడు దూరంలో ఇనుప పట్టు, దాని మీద యాంటెనా.

"ఈ పట్టు ఎవరు వెల్డింగు చేశారు?"

"నేనే. మధ్యలో దీపం అడ్డం వచ్చింది. పక్కకి పెట్టా."

"పెద్ద ట్రాక్టరు మీద?"

"అక్కడ మధ్యలోనే." దమ్యాన్ ఆగాడు. ఎటు పోతోందో అతనికి అర్థమైంది. "నీకు తెలియనిదా హలీనా. మీ ఆయన లెనర్డ్ పక్కన ఎన్ని చేలు తిరగలేదు నువ్వు."

ఆమెకు తెలుసు. యాంటెనాని ఒక ట్రాక్టరు నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు లోపల తెర మీద ట్రాక్టరు పేరు కూడా మార్చాలి. మార్చకపోతే, అది ఇంకా పెద్ద ట్రాక్టరు నడినెత్తినే ఉన్నాననుకుంటుంది. తనని గీత మీద పెట్టుకుంటుంది, బండిని జానెడు ఎడమకి తోసేస్తుంది. పోయేటప్పుడు ఎడమకి, తిరిగి వచ్చేటప్పుడూ ఎడమకే. అందుకే ఒక సందు విడిపోతుంది, పక్క సందు మీదికెక్కుతుంది. ఈ చుట్టుపక్కల యాంటెనా పంచుకునే ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకసారి జరిగే పొరపాటే. కాఫీ బల్లల దగ్గర వారం రోజులు నవ్వుకుంటారు.

"తెర మార్చడం మర్చిపోయా," అన్నాడు దమ్యాన్. "తొందరలో ఉన్నా."

"ఎంతసేపు మర్చిపోయావు?"

"అంటే?"

"రెండో చాలు తిరిగేసరికి వెనక పట్టీ కనిపించి ఉండాలి. చేనంతా ఇలాగే ఉంది. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదా?"

"చూడలేదు. మెడ పట్టేసింది."

"నువ్వా? నువ్వు ముందుకి నడుపుతూ వెనక్కే చూస్తావని లెనర్డ్ ఎప్పుడూ ఏడిపించేవాడు. కిందటేడు నీ చేలో ఒక్క రాయి పైకి తేలితే మా ఇంటికొచ్చి రెండు రోజులు దాని గురించే మాట్లాడావు."

"మనసు బాగాలేదు ఆ రోజు."

"అప్పటికి మీ అన్నయ్య చనిపోయినట్టు నీకు తెలియదు కదా."

ఇంజను తిరుగుతూనే ఉంది. దమ్యాన్ చేతి తొడుగు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు.

"హలీనా, వానొచ్చేలా ఉంది. నేను పని చేసుకోవాలి."

"ఈ చేను ముట్టుకోవద్దు. ఇది సాక్ష్యం."

"మీ ఇన్‌స్పెక్టర్ పొద్దునే ఒప్పుకున్నాడు. అడుగు."

ఆమె అక్కడే నిలబడి మక్రేకి ఫోన్ చేసింది. అతను చివరిదాకా విన్నాడు, అది మాత్రం అతనిలో మెచ్చుకోవలసిన గుణం.

"అంటే నీ అనుమానం ఏమిటి? ఒక మనిషి తన చేను సరిగా చదును చేయలేదు కాబట్టి హంతకుడా?"

"అతను చదును చేయలేదు అంటున్నాను. వేరే ఎవరో చేశారు."

"ఎవరు?"

"ఒక గంట ఇవ్వండి."

"ట్రెయిలర్ దగ్గరికే వస్తున్నా. సామాను సర్దేదాకా టైముంది నీకు. ఆ మనిషి చేను ఆయన్ని చేసుకోనివ్వు. అన్న పోయినవాడు."

హలీనా ఫోన్ జేబులో పెట్టుకుంది. దమ్యాన్ ఆమెనే చూస్తున్నాడు.

"ఇప్పుడు ఎక్కడికి?" అని అడిగాడు.

"మీ వదిన దగ్గరికి."

అతను తెర మీద వేలు పెట్టి ఏదో మార్చాడు. ట్రాక్టరు కదిలింది.

*

వంటగదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. బల్ల మీదా గట్టు మీదా కుర్చీల మీదా గిన్నెలే. ఒక్కో గిన్నె అడుగున ఇచ్చినవాళ్ళ పేరు రాసిన టేపు ముక్క. మార్చిలో హలీనా ఇంట్లోనూ ఇలాగే ఉండేది. తిన్నది గుర్తులేదు, గిన్నెలు ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చింది మాత్రం గుర్తుంది. ఇన్ని ఉన్నా స్టెఫానియా మళ్ళీ పొయ్యి మీద ఏదో ఉడికిస్తోంది.

"కూర్చో హలీనా. ఆ కుర్చీలో గిన్నె తీసేసి కూర్చో."

"గురువారం ఏం వండావు?"

స్టెఫానియా గరిటె ఆగింది. "గురువారమా?"

"ఇంట్లోనే ఉన్నాను, వంట చేస్తున్నాను అని చెప్పావు కదా. ఏం వంట?"

"క్యాబేజీ చుట్టలు."

"ఎవరు తిన్నారు?"

"అదేం ప్రశ్న?"

"చేలో ఇద్దరు మగవాళ్ళున్నారు. యార్డులో ఒకడున్నాడు. ఎవరికీ భోజనం అందలేదు. ఆర్నెల్ ఆకలితో వెతుక్కుంటూ వెళ్ళి శవాన్ని చూశాడు. నువ్వు వండితే ఎక్కడికి పోయింది?"

స్టెఫానియా పొయ్యి ఆపేసింది. కిటికీలోంచి గుట్ట కనిపిస్తోంది. దూరంగా రోలరు తిన్నగా, నెమ్మదిగా పైకి ఎక్కుతోంది.

"ఆ పట్టీలు చూశావా?" అంది చివరికి.

"కొలిచాను."

"నాకప్పుడే కనిపించాయి. వెనక్కి తిరిగి చూస్తే చార మిగిలిపోతోంది. తప్పేదో జరుగుతోందని తెలిసింది, ఏం నొక్కాలో తెలియలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టడం రాదు. గట్టు దగ్గర చక్రం తిప్పడం, మళ్ళీ పచ్చబొత్తాం నొక్కడం, అంతవరకే చూపించాడు."

"దమ్యానా?"

"ఒరెస్ట్." ఆ పేరు ఆమె చాలా మామూలుగా పలికింది, ఆయన పక్కగదిలో ఉన్నట్టు. "యాంటెనా తెచ్చి బిగించింది ఆయనే. తెర మార్చకపోవడం ఆయన మరుపే. ఎప్పుడూ దమ్యాన్ మార్చేవాడు కదా, ఈయనకి ఆ అలవాటు లేదు."

"నిన్ను ఎందుకు ఎక్కించాడు?"

"తమ్ముణ్ణి దక్షిణపు చేలోకి తీసుకెళ్ళి, కూర్చుని మాట్లాడాలన్నాడు. వచ్చే ఏడు నుంచి ఎవరి సేద్యం వాళ్ళది అని చెప్పాలి. నీకు తెలుసుగా, దమ్యాన్ చేను ఒక్కదానితో ఎవరూ బతకలేరు. ఒరెస్టుకి ఆ మాట చెప్పడానికి నెల పట్టింది. రోలరు ఆగితే వాడికి కోపం వస్తుంది, నువ్వు కాసేపు లాగు, వాణ్ణి రెండు గంటల్లో పంపించేస్తా అన్నాడు. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. తర్వాత దమ్యాన్ వచ్చాడు. నడుచుకుంటూ."

"ఏం చెప్పాడు?"

"దిగు వదినా అన్నాడు. దిగాను."

"ఏమైందని అడిగావా?"

"లేదు."

"ఎందుకు?"

"అడిగితే చెబుతాడు."

హలీనాకు ఆ జవాబు అర్థమైంది.

"రాత్రి మళ్ళీ వచ్చాడు," అంది స్టెఫానియా. "నువ్వు ఇంట్లో ఉన్నానని చెప్పు వదినా, అమ్మకి నేనొక్కణ్ణే మిగిలాను అన్నాడు. నిజమే కదా. ముసలావిడ గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. పెద్దాడు పోయాడని రోజుకి నాలుగుసార్లు చెప్పాలి ఆవిడకి. రెండో వాడి సంగతి కూడా నేనే చెప్పాలా అనుకున్నా."

"ఆర్నెల్ సంగతి ఏమనుకున్నావు?"

"వదిలేస్తారనుకున్నా. ఏ తప్పూ చేయనివాణ్ణి ఎన్నాళ్ళు ఉంచుతారు అనుకున్నా."

"అతని భార్యా కూతురూ వస్తున్నారు."

"తెలుసు. ఆ పిల్లకి స్వెటరు అల్లుతున్నా. ఇక్కడి చలి తెలియదు కదా." కుర్చీ వెనక బుట్టలో ఎర్రటి ఊలు కనిపిస్తోంది. స్టెఫానియా అటు చూడలేదు. "రెండు రోజులుగా అది ముట్టుకోలేకపోతున్నా హలీనా."

"ఈ రోజు అతన్ని తీసుకెళ్ళిపోతే ఆ కాగితాలు ఆగిపోతాయి. నువ్వు రేపు చెప్పినా, ఎల్లుండి చెప్పినా అతనికి ఉపయోగం లేదు."

స్టెఫానియా ఏప్రాన్ విప్పి నాలుగు మడతలు వేసింది. పెట్టడానికి గిన్నెలు లేని చోటు వెతికి, దొరక్క, చేతిలోనే ఉంచుకుంది.

"ఎవరికి చెప్పాలి?"

"ఇన్‌స్పెక్టర్ అదిగో, ట్రెయిలర్ దగ్గరే ఉన్నాడు. కారు కనిపిస్తోంది చూడు."

ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. గుట్ట అవతలి వాలు చివర తెల్లటి ట్రెయిలర్, దాని ముందు మక్రే కారు. రోలరు గుట్ట దిగుతోంది. చేను చివర గట్టు దగ్గరికి చేరింది. అక్కడ తిరగాలి.

తిరగలేదు.

"గట్టు దాటేస్తున్నాడేమిటి?" అంది స్టెఫానియా.

హలీనా అప్పటికే తలుపు తీసింది.

*

కారుని మసూర చేలోంచే పోనిచ్చింది. గుట్ట దిగువన రోలరుని అందుకుంది. ట్రాక్టరు పరుగెత్తే మనిషి వేగంతో, దారం పట్టి లాగినట్టు తిన్నగా పోతోంది. గట్టు మీద కంచె తీగలు తెగి చక్రాలకి చుట్టుకున్నాయి. లోపల సీటు ఖాళీగా ఉంది. చక్రం తనంతట తానే కొద్దికొద్దిగా అటూ ఇటూ కదులుతూ గీత సరిచూసుకుంటోంది.

ఎదురుగా మక్రే కారు. వెనక సీటులో ఆర్నెల్. బేడీలు వేసిన రెండు చేతుల్తోనూ అద్దం మీద కొడుతున్నాడు. వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోవు.

"మక్రే!" అని అరిచింది హలీనా. ట్రెయిలర్ లోపల రేడియో మోగుతోంది.

కారుని వదిలేసి ట్రాక్టరు వెంట పరుగెత్తింది. నిచ్చెన కడ్డీ చేతికి దొరికింది, జారింది, మళ్ళీ దొరికింది. లెనర్డ్ ట్రాక్టరు కదులుతుండగా ఎక్కవద్దని ఎప్పుడూ తిట్టేవాడు. ఎక్కింది. తలుపు తీసి, సీటు మీద బోర్లా పడి, తాళం తిప్పింది. ఇంజను ఆగింది. వెనకనున్న రోలరు బరువు ట్రాక్టరుని ఇంకొంచెం ముందుకు తోసింది. ముందరి ఇనుము కారు తలుపుని తాకింది, అద్దం పగిలింది, అక్కడితో ఆగింది.

మక్రే ఒక చేతిలో ఆర్నెల్ సంచీతో బయటికి వచ్చాడు. చూశాడు. సంచీ కింద పడేసి, అవతలి వైపు తలుపు తీసి ఆర్నెల్‌ని బయటికి లాగాడు. జేబులన్నీ వెతుక్కున్నాక బేడీల తాళంచెవి దొరికింది. విప్పుతున్నంతసేపూ ఆర్నెల్ మొహంలోకి చూడలేదు.

"నా మీదికి వస్తోంది సార్," అన్నాడు ఆర్నెల్. "పిలుస్తూనే ఉన్నా మిమ్మల్ని."

"వినబడలేదు."

"అవును సార్. వినబడలేదు."

"వాడేడి?" అని మక్రే పైకి అరిచాడు. "దమ్యాన్ ఏడి?"

హలీనా సీటులో లేచి కూర్చుంది. గుట్ట అవతల ఎక్కడో దిగిపోయి ఉంటాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి ట్రాక్టరు పని చేస్తూనే ఉంటుంది, దమ్యాన్ అందులోనే ఉన్నాడనుకుంటారు. మొన్న కూడా అందరూ అలాగే అనుకున్నారు. పారిపోవడానికి టైము కావాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

అప్పుడు ఆమె కళ్ళు సీటు వెనక గోడ మీద పడ్డాయి. చేలో బొరియలు చేసే ఉడుతల్ని కొట్టడానికి ఇక్కడ ప్రతి ట్రాక్టరులోనూ చిన్న తుపాకీ ఒకటి తగిలించి ఉంటుంది. రెండు కొక్కేలూ ఖాళీగా ఉన్నాయి. కింద తూటాల పెట్టె తెరిచి ఉంది.

ఆమె తిరిగి గుట్ట వైపు చూసింది. ట్రాక్టరు ఎత్తు నుంచి చేను వాలూ, వాలు పక్కనున్న దారీ, దాని చివర ఇల్లూ కనిపిస్తున్నాయి. పొడుగాటి మనిషి ఒకడు ఆ దారి వెంట ఇంటి వైపు నడుస్తున్నాడు. పరుగెత్తడం లేదు. కుడిచేతిలో ఏదో కాలి వెంట వేలాడుతోంది.

పారిపోవడం కాదు.

"మక్రే, నా కారు చేలో ఉంది, తాళం దాంట్లోనే ఉంది. ఇంటికి పోనివ్వు, పోనివ్వు!"

అతను ఈసారి ఏమీ అడగలేదు. పరుగెత్తాడు. హలీనా నిచ్చెన దిగుతూనే మళ్ళీ ఇంటి వైపు చూసింది. వరండాలో స్టెఫానియా నిలబడి ఉంది, చేతిలో ఇంకా ఆ మడిచిన ఏప్రాన్. ఆమెకి అతను కనిపిస్తున్నాడు. లోపలికి పోయి తలుపు వేసుకోవడానికి కావలసినంత టైముంది.

"లోపలికి పో," అంది హలీనా. అంత దూరం వినబడదని తెలుసు. అయినా మళ్ళీ అంది. రెండోసారి అన్నప్పుడు గొంతు పగిలింది. ఆ చప్పుడు ఎవరిదో అనుకుంది.

స్టెఫానియా ఏప్రాన్‌ని వరండా రెయిలింగు మీద పెట్టింది. మెట్లు దిగి, అడగకుండా వదిలేసిన మాట అడగడానికి, అతనికి ఎదురు నడవడం మొదలుపెట్టింది.